కొండ దిగని అంబులెన్సు

"రోడ్డు మూసిన్రు. ఇగ ఎక్కడికీ పోయేది లేదు" అన్నాడు సూపర్‌వైజర్ ఇక్బాల్.

భూమేశ్ అతని దారికి అడ్డం పడ్డాడు. "గదేంది భాయ్! సైకిళ్ళ కోసం రోడ్డు మూస్తరా ఎక్కడన్న?"

మనవాడి తప్పేం లేదు లెండి. జగిత్యాల రోడ్డు మీద లారీ హారన్ కొడితే సైకిలే కదా మట్టిలోకి దిగేది! సైకిళ్ళ పందెం సైకిళ్ళదే, పక్కనించి మన బండి మనం పోనిస్తాం అనుకున్నాడు పాపం. తీరా చూస్తే జబల్ అఖ్దర్ కొండ మీద చీమ కూడా కిందికి దిగడానికి లేదు. పైన హోటల్, కింద చెక్‌పోస్టు, మధ్యలో ఒకటే రోడ్డు. ఆ రోడ్డుకి అటూ ఇటూ ఇనుప కంచెలు, వాటి దగ్గర కాపలాకి కంపెనీ దించిన కూలీలు. అందులో భూమేశ్ ఒకడు.

"ఇయ్యాల రాత్రికే నవీన ఫ్లైటు భాయ్. పని ఒడిసింది, ఇంటికి పోతున్నది. మళ్ళ ఎన్నడో! ఎయిర్‌పోర్టుల ఒక్కపారి మొకం చూసి సాగనంపుతనని మాటిచ్చిన."

"పందెం అయినంక పో."

"అప్పటికి అందుతనా?"

ఇక్బాల్ అబద్ధం చెప్పలేదు. "జనం దిగాలె, బండ్లు కదలాలె. నువ్వు మస్కట్ చేరేసరికి ఆమె విమానంల ఉంటది."

ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గానీ, మొగుడు కొండ మీద హోటల్ గదులకి సిమెంటు మోస్తుంటే, పెళ్ళాం మస్కట్‌లో వాడీ కబీర్ పేట‌లో కామేశ్వరరావుగారింట్లో వంట చేస్తుంటుంది. ఫోన్లోనే కాపురం. ఆ ఫోన్ కూడా ఇవాళ మూగనోము పట్టింది. పొద్దుట్నించీ ఎన్నిసార్లు చేసినా నవీన పలకడం లేదు.

"పరేషాన్ కాకు" అన్నాడు ఇక్బాల్. ఆయనకి సైకిళ్ళంటే పిచ్చి. "ఏమనుకుంటున్నవ్ ఈ కొండంటే! అన్నిచోట్ల గెలుచుకుంట వచ్చినోడు గూడ ఈడ చతికిలబడ్తడు. పందెం తేలేది గీ ఎత్తు మీదనే. కంచె పట్టుకొని మంచిగ నిలబడు, టీవీల పడ్తవ్. నీ పెండ్లాం సూస్తది."

"నా పెండ్లాం టీవీల చూడదు భాయ్. ఎయిర్‌పోర్టు గేటు కాడ చూస్తది."

అంతలో పైన హెలికాప్టర్ మోత. పోలీసు మోటార్ సైకిళ్ళు వచ్చాయి. వాటి వెనకే నోళ్ళు తెరుచుకుని, చెమటలు కక్కుతూ సైకిళ్ళవాళ్ళు వచ్చారు. జనం ఒకటే కేకలు. భూమేశ్‌కి అవేమీ పట్టలేదు. ఆ గుంపు వెనకాల నెమ్మదిగా వస్తున్న అంబులెన్సు మీద పడింది వాడి చూపు.

అంబులెన్సు ఎక్కడికి పోతుంది? ఆసుపత్రికి. ఆసుపత్రి ఎక్కడుంది? కింద నిజ్వా ఊళ్ళో. నిజ్వా చేరితే మస్కట్ టాక్సీ దొరకదా?

"అమ్మో! నా కాలు!" అంటూ కంచె పక్కన దబ్బున కూలబడ్డాడు.

నటన అలవాటు లేనివాడు కాబట్టి కాస్త ఎక్కువే చేశాడు. ఇక్బాల్ నిజంగానే హడలిపోయి అంబులెన్సుకి చెయ్యెత్తాడు. ఇద్దరు మనుషులు దిగి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తలుపులు బిగించారు. లోపల భూమేశ్ కళ్ళు మూసుకుని, పొంగిపోతున్న ఆనందాన్ని మూలుగులో దాచుకున్నాడు. వస్తున్నా నవీనా, వచ్చేస్తున్నా!

బండి కదిలింది. గేరు మార్చింది. రొప్పుతూ మెల్లగా పోతోంది. కిందికి దిగే బండి రొప్పదే! భూమేశ్ దిగ్గున లేచి అద్దంలోంచి చూశాడు. ఎదురుగా హోటల్ గోడలు దగ్గరవుతున్నాయి.

"అరే భాయ్, ఉల్టా పోతున్నం!"

పక్కనున్నవాడు వాణ్ణి మళ్ళీ పడుకోబెట్టి హిందీలో చెప్పాడు. పందేనికి ఎదురుగా ఏ బండీ పోకూడదట. అంబులెన్సు అయినా సరే, పోతే పైకే. డాక్టరుండేదీ పైనే.

కొండ కొమ్మున గుడారంలో డాక్టరు కాలు అటు వంచాడు, ఇటు వంచాడు. ఏమీ లేదన్నాడు. నర్సు రుబీనాది హైదరాబాదు. "సచ్ చెప్పు, ఎందుకు చేసినవ్?" అని నిలదీసింది.

అంతే, భూమేశ్ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. "మొకం చూద్దామనుకున్న మేడం. మధ్యల ఉన్నోణ్ణి, అందరికన్న మీదికొచ్చి పడ్డ. ఇంకింత దూరమైన."

తిట్టబోయిన రుబీనా బయటికి తొంగి చూసింది. "రోడ్డు తెరిచేదాక గీ మంచం మీదనే ఉండు. బయట పోలీసులున్నరు" అని దుప్పటి ఇచ్చింది. భూమేశ్ దాన్ని నెత్తిదాకా కప్పుకుని గుడారం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక అయిపోయింది. ఆమె గేటు దగ్గర నిలబడి చూసీ చూసీ వెళ్ళిపోతుంది.

చాలాసేపటికి, వెనకబడ్డవాళ్ళ వెంట వచ్చే చివరి అంబులెన్సు ఆగింది. ఎవరో ఆడమనిషిని తెచ్చి తెర అవతల మంచం మీద వేశారు. మూలుగులు. డాక్టరు ఏదో అడిగాడు. తర్వాత గుసగుసలు. ఉన్నట్టుండి రుబీనా పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఎదుటివాడి దుఃఖం తెలిసీ అలా నవ్వుతుంటే భూమేశ్‌కి ఒళ్ళు మండింది.

రుబీనా తెర లాగేసింది. "ఏయ్ భూమేశ్, లే! నువ్వు దిగాలని కాలు పట్టుకుంటివి. గీమె ఎక్కాలని కడుపు పట్టుకున్నదట!"

భూమేశ్ దుప్పటి తీశాడు.

"ఫ్లైటుకు పోయేముందు ఫోన్ల చెప్పకుండ వస్తే సంబురపడ్తవని, కామేశ్వరరావు సారును బతిమాలి కారుల కొండెక్కిన. కింది మలుపుల పోలీసులు ఆపితే గిన్ని పాట్లు పడి వస్తిని. డ్యూటీ మీద నిలబడి ఉంటవనుకుంటే, ఈడ ముసుగు తన్ని పన్నవా?" అంది నవీన, కడుపు మీది చెయ్యి తీసి నడుం మీద పెట్టుకుంటూ.