పదిహేనో కిలోమీటరు

"అదిగో, మళ్ళీ ఆగిపోయాడు," అన్నారు లెక్కల మాస్టారు, మొహం నిండా నురగతో.

మామగారి చేతిలో కత్తి గాల్లోనే నిలిచిపోయింది. సెలూన్ అద్దానికి ఆనించిన ఫోన్లో ఆయన అల్లుడు పదిహేనో కిలోమీటరు బోర్డు దాటి, రోడ్డు పక్కకు తప్పుకుని, నడుం మీద చేతులు వేసుకుని హాయిగా నవ్వుతున్నాడు. అప్పటిదాకా అతని వెనకే పరిగెత్తిన ఎర్ర టోపీవాడు ముందుకు పోయి పందెం గెలిచేశాడు.

అల్లుడిది పరుగుల చానల్. కూతురు స్కూటర్ మీద వెంట వెళ్ళి వీడియో తీస్తుంది. ఆ వీధికి మామగారి సెలూనే దాని సినిమాహాలు. గడ్డం పెరగనివాళ్ళు కూడా వచ్చి బెంచీ మీద సర్దుకుంటారు. ఒక మనిషి పరిగెత్తుతుంటే చూడ్డానికేముందని మొదట్లో అందరూ పెదవి విరిచినవాళ్ళే. కానీ అల్లుడు ఏదీ దాచడు. డొక్కలో పోటు వస్తే వచ్చిందంటాడు. నల్లబడి ఊడిన బొటనవేలి గోరును కెమెరా ముందు పెడతాడు. వాన పడే పొద్దున లేవబుద్ధి కాక దుప్పటితో చేసిన యుద్ధమంతా చూపిస్తాడు. ఆ దుప్పటి ఘట్టం మాస్టారికి కంఠతా వచ్చు.

ప్రతి వీడియో మొదట్లో అతను కాసేపు మాట్లాడతాడు. మామగారు దాన్ని వేలితో ముందుకు తోసేస్తారు.

"ఆ సోది మనకెందుకు, పరుగు చూడండి," అంటారు.

ఇంత సంబరానికీ చివర మిగిలేది తలవంపులు. ఆరు పందేలు. ఆరుసార్లూ అందరికంటే ముందు అల్లుడే. ఆరుసార్లూ పదిహేనో కిలోమీటరు దగ్గర చతికిలపడ్డమే.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశారు కూడా.

"అక్కడికొచ్చేసరికి కాలు పట్టేస్తోందా బాబూ?"

"లేదు మామయ్యా."

"మరి?"

"వీడియో మొదట్లోనే చెప్తున్నాగా. చూడలేదా?"

"చూడకపోవడమేంటి? ఒక్కోటి మూడేసి సార్లు చూశా," అన్నారు మామగారు. అంత మాట అన్నాక మళ్ళీ ఏ మొహంతో అడుగుతారు?

ఇవాళ మాస్టారు నురగలోంచే ఇంకో మాట వదిలారు. "మీవాడికి కాళ్ళున్నాయి గానీ గుండె లేదండీ."

మామగారికి చుర్రుమంది. "వచ్చే పందెం మావాడు గెలవకపోతే, ఇదే కత్తితో నా మీసం తీసేసుకుంటా."

బెంచీ మొత్తం నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళుగా ఎవరి చెయ్యీ పడనివ్వని మీసం అది. ఆ మీసాన్ని చూసే ఆ సెలూన్‌కు మనుషులొస్తారు.

పందెం రోజున మామగారు కొట్టు మూసేసి, పదిహేనో కిలోమీటరు బోర్డు వెనక నక్కి కూర్చున్నారు. చేతిలో జుట్టు తడిపే స్ప్రే సీసా.

అల్లుడు రానే వచ్చాడు. ఎప్పట్లాగే అతనే ముందు. వెనకే ఎర్ర టోపీ. బోర్డు దాటి అల్లుడు పక్కకు ఒరిగాడో లేదో, మామగారు రోడ్డు మీదికి దూకి అతని మొహం మీద బుస్సున నీళ్ళు కొట్టారు.

"ఇవాళ ఆగావంటే నన్ను మామయ్యా అని పిలవకు."

"మీరు పక్కకి రండి మామయ్యా, చెప్తాను..."

"తర్వాత చెబుదువుగాని. నా మీసం పోయేట్టుంది, పరిగెత్తు."

స్కూటర్ మీంచి కూతురు "వద్దు నాన్నా" అని మొత్తుకుంటున్నా ఆయన వినిపించుకోలేదు.

పెళ్ళైన నాలుగేళ్ళలో అల్లుడు మామగారి మాటకు ఎదురు చెప్పి ఎరగడు. ఒకసారి ఎర్ర టోపీ వైపు చూశాడు. ఒకసారి మీసం వైపు చూశాడు. పరుగు అందుకున్నాడు. మామగారు చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళు కొడుతూ వంద గజాలు తరిమారు. ఈ గందరగోళానికి ఎర్ర టోపీవాడు బిత్తరపోయి, వేగం తప్పి, మళ్ళీ పుంజుకోలేకపోయాడు.

ముగింపు గీత ముందుగా దాటింది అల్లుడే. కూతురి స్కూటరెక్కి అక్కడికి చేరిన మామగారికి కన్నీళ్ళాగలేదు. నిర్వాహకుడు అల్లుణ్ణి పక్కకు లాక్కెళ్ళి చేతులూపుతూ అరుస్తుంటే, పొగుడుతున్నాడనే అనుకున్నారు.

సాయంత్రం సెలూన్లో మాస్టారు స్వయంగా ఆ మీసానికి నూనె రాశారు. అల్లుడు మాత్రం పతకం ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష తప్పినవాడిలా మూల కుర్చీలో కూర్చున్నాడు.

"గెలిచినవాడి మొహమేనా అది?" అన్నారు మామగారు.

కూతురు మొగుడి వంక చూసింది. తండ్రి వంక చూసింది.

"నాన్నా, ఈయన వీడియో ఒక్కటంటే ఒక్కటైనా మొదట్నుంచి చూశావా?"

జవాబు కోసం ఆగకుండా ఫోన్ తీసి, ఒక పాత వీడియో మొదటికంటా జరిపి అద్దానికి ఆనించింది.

తెర మీద అల్లుడు నవ్వుతూ చెయ్యి ఊపాడు: "అందరికీ నమస్తే, నిర్వాహకులు మనల్ని పెట్టుకుంది గెలవడానికి కాదండీ, పదిహేనో కిలోమీటరు దాకా ముందుండి మా ఎర్ర టోపీ అన్నకి వేగం పట్టించి, అక్కడ పక్కకి తప్పుకోవడమే మన ఉద్యోగం."