గంటకో పిలుపు

“కాలరమ్మా, ఇలా రా!”

చెకింగ్ టేబుల్ దగ్గర్నుంచి ఆ గొంతు వినగానే ఆమె గుండె గుభేలుమంది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

చొక్కాలు కుట్టే ఆ కంపెనీలో నాలుగేళ్లుగా కాలర్లు కుడుతోంది కాబట్టి అందరికీ ఆమె కాలరమ్మే. ఇప్పుడు ఎనిమిదో నెల. కడుపు బల్లకు తగలకుండా కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు చాచి కుడుతోంది.

ఇంకో ఐదు వారాలు గట్టెక్కితే జీతంతో సెలవు. ఈలోగా ఉద్యోగం ఊడిందా, సెలవూ పోతుంది, కంపెనీ ఇచ్చిన ఆస్పత్రి కార్డూ పోతుంది. మొగుడు చూస్తే ఒకరోజు పని, రెండు రోజులు ఖాళీ. కార్డు లేకపోతే పురుడు ఎక్కడ పోసుకోవాలో తలచుకుంటేనే ఆమెకు చెమటలు పట్టేవి.

ఆ హాల్లో చట్టం ఒక్కటే. భోజనం బెల్లు మోగేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు. చెకింగ్ వాళ్లు పిలిస్తేనే లేవాలి. పిలిచారంటే కుట్టు తప్పిందన్నమాట. తప్పులు ఎక్కువైతే ఇక ఇంటికే.

పిలిచిన మనిషి రెండు నెలల కింద ఈ హాలుకు కొత్తగా వచ్చింది. నెరిసిన జుట్టు, లావుపాటి కళ్లజోడు, నవ్వంటే ఏమిటో తెలియని మొహం. వచ్చిన వారానికే అందరూ ఆవిడకు ‘భూతద్దం’ అని పేరు పెట్టేశారు.

“ఈ కాలర్ చూడు.”

“ఏమైంది మేడమ్?”

“ఇక్కడ కాదు. ఆ చివర కిటికీ దగ్గరికెళ్లి వెలుతుర్లో చూసుకుని రా.”

కిటికీ ఎక్కడో ఆ మూలన ఉంది. కాలరమ్మ నడుము పట్టుకుని, ఆపసోపాలు పడుతూ అంత దూరమూ నడిచింది. కాలర్‌ను తిప్పి తిప్పి చూసింది. కుట్టు కుదురుగానే ఉంది. మళ్లీ అంత దూరమూ నడిచి వచ్చింది.

“నాకేం కనపళ్లేదు మేడమ్.”

“నీకు కనపడదులే. వెళ్లి కూర్చో.”

గంట తిరిగేసరికి మళ్లీ పిలుపు.

“నీ మీద పగబట్టినట్టుందే,” అంది పక్క మిషన్ మీద కఫ్‌లు కుట్టే అక్క. “నన్ను రోజుకోసారి కూడా పిలవదు. కడుపుతో ఉన్నదాన్ని సాగనంపాలంటే ముందు తప్పులు పోగెయ్యాలిగా!”



ఆ రోజు నుంచి కాలరమ్మకు అన్నం సయించలేదు. బిడ్డ కదిలినా భయమే, కదలకపోయినా భయమే. ఆ గొంతు ఎప్పుడు వినపడుతుందోనని చెవులు రిక్కించుకునే కుట్టేది.

చివరికి తెగించింది. తాడోపేడో తేల్చుకుందామని భోజనం వేళ మేనేజరు గదిలోకి వెళ్లింది.

“సార్, ఆవిడ కావాలనే నన్ను పిలుస్తోంది. నా కుట్టు మీరే చూడండి.”

మేనేజరు ఆ వారం ఆమె కుట్టిన కాలర్లు తెప్పించి, ఒక్కొక్కటీ లైటు కింద పెట్టి చూశాడు. ఒక్కదాంట్లోనూ పోగు కూడా పక్కకు పోలేదు. భూతద్దాన్ని పిలిపించాడు.

“తప్పు లేనిదానికి గంటగంటకీ ఎందుకు పిలుస్తున్నావమ్మా?”

ఆవిడ కాలరమ్మ కడుపు వంక ఒకసారి చూసింది.

“చూపు ఆనడం లేదు సార్. పొరపాటే.”

“చూపు ఆననివాళ్లకి చెకింగ్‌లో ఏం పని?”

ఆ సాయంత్రమే ఆవిడను ఉద్యోగంలోంచి తీసేశారు. సంచీ సర్దుకుని వెళ్తూ వెళ్తూ ఆవిడ కాలరమ్మ మిషన్ దగ్గర ఆగింది.

“కూర్చున్నా సరే, పాదాలు ఆడిస్తూ ఉండు.”

కాలరమ్మ తల తిప్పుకుంది. పోతూ పోతూ కూడా పెత్తనమే అనుకుంది.

కొత్తగా వచ్చిన మేడమ్ ఎంత మంచిదో! ఎవరినీ పిలవదు. కాలరమ్మ పొద్దున కూర్చుంటే భోజనానికి లేచేది, మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి లేచేది. ‘హమ్మయ్య’ అనుకుంది. అన్నం కూడా సయించింది.

పదో రోజున ఎడమ పిక్క బరువెక్కింది. పదకొండో రోజుకు కాలు మొద్దులా వాచి, ఎర్రబడి, అడుగు వేస్తే ప్రాణాలు తోడేసింది. మొగుడు హడలిపోయి ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ స్కానింగ్ చూసింది.

“పిక్కలో రక్తం గడ్డకట్టింది.”

“నా బిడ్డ?”

“బిడ్డ బాగానే ఉంది. గడ్డ చిన్నదే, ఇంజెక్షన్లు మొదలుపెడదాం. సమయానికి వచ్చావు.”

కాలరమ్మ బావురుమంది.

“ఏడవకమ్మా. పోయిన నెల నీ కాళ్లు బాగానే ఉన్నాయే! ఈమధ్య కదలకుండా కూర్చుంటున్నావా?”

“మా దగ్గర లేవనివ్వరు డాక్టరమ్మా. చెకింగ్ వాళ్లు పిలిస్తేనే లేవాలి.”

రాస్తున్న డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

“తెలుసు. రెండేళ్ల కింద మీ కంపెనీ నుంచే ఒకమ్మాయిని తెచ్చారు. ఆ పిల్లకీ ఎనిమిదో నెలే. గడ్డ అప్పటికే ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోయింది. ఇద్దర్నీ దక్కించలేకపోయాను. గంటకోసారి లేచి నాలుగడుగులు వేసుంటే బతికేదేమోనని వాళ్లమ్మతో నేనే అన్నాను.”

కాలరమ్మ ఏడుపు ఆగిపోయింది.

“ఆ తల్లి మీ కంపెనీలోనే పని చేస్తోంది. కడుపుతో ఉన్న పిల్ల ఒకతి ఉందని, రెండు నెలల కిందే అడిగి మరీ మీ హాల్లో చెకింగ్‌కి మారానని నాతో చెప్పింది,” అంది డాక్టరమ్మ చీటీ అందిస్తూ. “వెళ్లి ఒక్క మాట చెప్పు తల్లీ, ఏదో ఒక వంక పెట్టి గంటకోసారి నిన్ను పిలుస్తుంది.”