మందు పనిచేస్తే

"ఈరోజైనా మందు వేస్తావా, లేదా?" ప్రొఫెసర్ ఓపిక అడుగంటింది.

పరిశోధకురాలు తలెత్తలేదు. చేతిలోని గాజు డిష్‌నే చూస్తోంది.

"ఇంకొక్క వారం ఆగుదాం సార్."

"వారం వారం అంటూ నెలలు గడిపేశావు. ఫ్రీజర్ చెడిపోయి దాచినవన్నీ పాడయ్యాయి. మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా పోతే ఇన్నేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే!"

డిష్‌లో ఉన్నవి రక్త క్యాన్సర్ కణాలు. ఒక రోగి ఎముక మూలుగలోంచి తీసినవి. మామూలు రక్తకణంలో ఒక ప్రొటీన్ జన్యువుల మీద కూర్చుని, "పెరుగు" అని చెబుతుంది. పని కాగానే ఊరుకుంటుంది. వీటిలో అది నోరు మూయదు. పెరుగు, పెరుగు, చావకు అని పోరుతూనే ఉంటుంది. దాని నోరు నొక్కే మందు ఆమె పక్కనే చిన్న సీసాలో ఉంది.

ఆ కణాలను ఆమె కంటికి రెప్పలా కాచుకుంది. సెలవు రోజుల్లోనూ వచ్చి పోషక ద్రవం మార్చేది. "పిల్లలకి పాలు పట్టారా మేడమ్?" అని ల్యాబ్‌లో వాళ్లు ఆటపట్టించేవారు. నవ్వి ఊరుకునేది.

"సగం తీసి దాస్తాను సార్. మిగతా వాటిలో వేద్దాం."

"సగం చెయ్యడానికి ఎన్నున్నాయని? పనిచెయ్యదని భయమా? కింద వార్డులో ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసుగా!"

తెలుసు. రోజూ ఆ వార్డు ముందు నుంచే వస్తుంది. పొద్దున అక్కడ ఓ పాప, జుట్టు రాలిన తలకు టోపీ సర్దుకుంటూ, ఆమెకు చెయ్యి ఊపింది.

పళ్లు బిగించి మందు వేసింది.

మర్నాడు మైక్రోస్కోప్‌లో చూసిన ప్రొఫెసర్ గంతేసినంత పనిచేశాడు. "చచ్చాయి! ఒక్కటీ మిగల్లేదు! సాధించావమ్మా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేకపోతోందనుకున్నారు.

వరండాలోకి వచ్చి తండ్రికి ఫోన్ చేసింది.

"మందు పనిచేసింది నాన్నా."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు.

"అయితే... ఒక్కటి కూడా లేదా?"

"లేదు నాన్నా."

"మంచి పనే చేశావు తల్లీ," అన్నాడు.

రెండేళ్ల క్రితం పోయిన అమ్మ ఒంట్లోంచి నిన్నటిదాకా ప్రాణంతో మిగిలినవంటూ ఉంటే, ఆమెను పొట్టన పెట్టుకున్న ఆ కణాలే.