బేగి ఆరనిది

"ఈ రెండిట్లో ఏది బేగి ఆరదు బాబూ?" అని అడిగింది రాజులమ్మ.

స్పేర్ పార్టుల కొట్టు సుబ్బారావు తలెత్తి చూశాడు. పాడేరులో ఎన్నాళ్ల నుంచో కొట్టు నడుపుతున్నాడు గానీ, ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"బేగి ఆరేదే అడుగుతారమ్మా అందరూ. దేనికి?"

"మా తేజ కారుకి. ఇంజిను మీద మూత లేదూ, దాని అంచులోంచి ఆయిలు కారిపోతన్నాది. విప్పీసి కూకున్నాడు. పేస్టు తెమ్మన్నాడు."

"టాపెట్ కవరన్నమాట. ఇదిగో, ఈ నల్ల ట్యూబు రాస్తే గంటలో బండి తీసేయొచ్చు. కాకపోతే ఇంజిను వేడికి కొన్నాళ్లకి మళ్లీ వదిలేస్తుంది. ఈ బూడిదరంగుది గట్టిది. ఆయిలు తగిలినా ఊడదు. కానీ ఈ చలికి రేపు సాయంత్రం దాకా ఆరదు. అప్పటిదాకా ఇంజిను స్టార్టు చేయకూడదు."

"పొద్దున్నకి ఆరిపోదు కదా?"

"ఆరదమ్మా."

"అయితే అదే ఇయ్యి."

తెల్లారకుండానే తేజ టూరిస్టుల్ని లంబసింగి తీసుకెళ్లాలి, మంచు చూపించడానికి. ఆ మంచులో కారు బోనెట్టే కనపడదు, ఇక లోయ ఏం కనపడుతుంది. ఘాట్లో ఎవరి బండి పడిందని విన్నా రాజులమ్మకి కొడుకు చొక్కాయే కళ్లముందు ఆడుతుంది. వద్దంటే వినే గుంటడు కాదు. ట్యూబు మార్చుకొస్తాడేమోనని దారిలో ఆగి, చీరకున్న పిన్నీసు తీసి దాని మూతి పొడిచేసింది.

ట్యూబు చూడగానే తేజ మొహం మాడిపోయింది.

"ఇదేటమ్మా? బేగి ఆరేది తెమ్మన్నాను కదా."

"ఇదే మంచిదన్నాడు."

"మంచిదే. రేపు సాయంత్రానికి గానీ ఆరదు. ఇలాగియ్యి, మార్చుకొస్తాను." మూత తిప్పి చూశాడు. "పొడిసీసేవేటి? పాల పేకట్టనుకున్నావా?"

"నాకేటి తెల్సు నాయనా."

"లాడ్జీలో పార్టీకి మాటిచ్చీసేను. రానంటే ఆ మేనేజరు ఇంకోపాలి నన్ను పిలవడు. స్టాండులో కాసుకునున్నోలు తక్కువా?"

నల్లది ఇంకోటి కొనుక్కొస్తానంటూ లేచాడు. గుమ్మం దాకా వెళ్లినవాడు ఆగాడు. పెరటివైపు ఒకసారి చూసి వెనక్కొచ్చాడు.

"సరేలే. గట్టిదే రాద్దాం. ఈ సీజనంతా మళ్లీ విప్పక్కర్లేదు."

"మరి ఆ పార్టీ?"

"నేను సూసుకుంటాన్లే."

పాత పేస్టంతా గీకి, గుడ్డతో తుడిచి, మూత అంచు చుట్టూ కాటుక దిద్దినట్టు బూడిదరంగు పేస్టు పెట్టాడు. మూత బిగించాడు. రాజులమ్మకి ప్రాణం కుదుటపడింది. పెరట్లోకి వెళ్లి, పాత జీపు బోనెట్టు మీద ఎండబోసిన కాఫీ గింజలకి గోనెపట్టా కప్పింది. ఆ జీపు వాలులోకి జారిపోకుండా చక్రాల ముందు రెండు బండరాళ్లు పెట్టి ఉన్నాయి. అవి కదల్లేదని చూసుకున్నాకే ఆవిడ దాన్ని ముట్టుకుంటుంది.

"దీన్ని ఎప్పుడమ్ముతావురా? బ్రేకుల్లేని బండి, పెరట్లో యముడిలాగ."

"బొత్తిగా పోలేదే అమ్మా. నాలుగుసార్లు తొక్కితే పడతాయి. కొనేవోడొస్తే అలాగే సెప్పు, పారిపోతాడు."

ఆ మాటకి ఇద్దరూ నవ్వుకున్నారు.

చాలా రోజుల తర్వాత ఆ రాత్రి ఆవిడకి ఒళ్లెరగని నిద్ర పట్టింది. లేచేసరికి తెల్లారిపోయింది. తలుపు తీస్తే మంచు గడపదాకా వచ్చి ఉంది. అందులోనే తడుముకుంటూ వెళ్లి చూసింది. కారు కదల్లేదు. బోనెట్టు ఎత్తి మూత అంచున వేలు పెట్టింది. పేస్టు ఇంకా మెత్తగానే ఉంది, వేలికి అంటుకుంది.

ఆ వేలు చీరకి తుడుచుకుని, కనపడని కొండవైపు ఒక దండం పెట్టింది. కొడుకు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. పడుకోనీ గుంటడిని, అనుకుంది. పొయ్యి మీద టీ పెట్టి, ఈలోగా గింజలు తడిశాయేమో చూద్దామని పెరట్లోకి వచ్చింది.

కాఫీ గింజలు గోనెపట్టాతో సహా అరుగు మీద జాగ్రత్తగా దించి ఉన్నాయి. ఇంజిను చప్పుడుకి ఎవరూ లేవకుండా వాలులోకి దొర్లించిన చక్రాల జాడలు రోడ్డుదాకా వెళ్లి మంచులో కలిసిపోయాయి. గోడవారకి జరిపిన బండరాళ్లు రెండూ ఉన్నాయి. జీపు లేదు.