అడ్డమొచ్చిన రాయి

పేరేసంద్ర దాటి కొండ మలుపులోకి వచ్చేసరికి బస్సు ఆగిపోయింది.

జోరున వాన. ఒక ఆడమనిషి చేతులు చాచి దారికి అడ్డంగా నిలబడి ఉంది.

అంత వానలోనూ ఆమె తల మీది ఎర్రమట్టి తడవలేదు.

“తప్పుకోమ్మా! ఇంటామెకు నెలలు నిండినాయి, ఆస్పత్రికి పోవాల!” అని అరిచాడు ఓవర్సీరు కేశవమూర్తి.

ఆమె కదల్లేదు. డ్రైవరు కొండప్ప ఇంజను ఆపి చేతులు జోడించాడు.

మరుక్షణం కొండచరియ విరిగి దారి మీద పడింది. చూస్తే ఆమె లేదు.

“ఎవురప్పా ఆమె?”

“ఈ దావలో ఆ యమ్మ పేరు ఎత్తగూడదు సామీ,” అన్నాడు కొండప్ప.

కేశవమూర్తి భార్య వనజమ్మ కడుపు పట్టుకుని ఏడ్చింది. “పురుడైనాక ఆ యమ్మకు చీరె పెట్టాల. మీరు మర్చిపోవద్దు.”

తర్వాత ఆ దారిని కాపాడే పని కేశవమూర్తికే వచ్చింది. రాతిగోడ కడితే గట్టిదే, సర్కారు ఒప్పుకోని ఖర్చు. కానుగ చెట్లు నాటితే చవకే, అవి వేళ్ళు పట్టేలోగా కొండే ఉండదు. గుడ్డికన్నా మెల్ల మేలని, వాననీళ్ళు మళ్ళించే కాలువ తవ్వమన్నాడు.

చరియ మీద పసుపు పూసిన రాయి ఒకటి అడ్డమొచ్చింది.

“దీన్ని చుట్టుకొని పోదామప్పా,” అన్నాడు మేస్త్రీ చెన్నరాయప్ప.

“ఏం, దేవుడా?”

“కాదు. ఊరోళ్ళు పెట్టుకున్నారు. ముట్టగూడదు.”

“చుట్టుకొని పోతే ఎంత దండగో తెలుసునా?”

చెన్నరాయప్ప సమ్మెట కింద పెట్టేశాడు. కేశవమూర్తే దాన్ని ఎత్తి కొట్టాడు. రాయి పగిలిన చోట నేల వెచ్చగా ఉంది. అయినా ముక్కలను కాలువలో పరిపించాడు. ఖర్చు మిగిల్చాడని పైవాళ్ళు మెచ్చుకున్నారు.

వనజమ్మకు కొడుకు పుట్టాడు.

బిడ్డతో ఆమె పుట్టింటి నుంచి బస్సులో బయలుదేరిన రోజు, కేశవమూర్తి చీరె పట్టుకుని ముందుగా కొండెక్కాడు. మబ్బు కమ్మి వాన మొదలైంది. కాలువ దగ్గర పుట్టమ్మ అనే ముసలామె మేకలు మేపుతోంది.

“వానలో బస్సు ఆపే ఆ యమ్మ ఇల్లు యాడమ్మా?”



కాలువ గట్టు జారింది. అతని కాళ్ళ కింద చరియ సన్నగా కదిలింది. కింద బస్సు మలుపు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. దారిలో ఎవరూ నిలబడి లేరు.

“నా పెండ్లాం, బిడ్డ దాంట్లో ఉండారు! ఆ యమ్మను పిలువు తల్లీ, బస్సు ఆపమను!” అంటూ కేశవమూర్తి కిందికి పరుగెత్తాడు.

వెనకనుంచి పుట్టమ్మ గొంతు వినిపించింది. “యాడినుంచి పిలిచేదప్పా? ఆ యమ్మ ఎప్పుడో ఒక బండిని ఆపతా ఈ మట్టికిందనే పోయినాది. ఆమెను నిలుపుకునేదానికి మేము పెట్టుకున్న రాయినే గదా, నువ్వు పగలగొట్టి కాలవలో పరిచినాది!”