ఎలీసమ్మ చెప్పని జవాబు

"అమెరికాలో నల్లవాళ్ళకు ఒక కుళాయి, తెల్లవాళ్ళకు ఒక కుళాయి ఉండేవి" అంటూ లెక్చరర్ గారు బోర్డు మీద రెండు కుళాయిల బొమ్మలు కూడా గీశారు.

మహిమ లేచి నిలబడింది.

"మన దగ్గరా ఉన్నాయి సార్."

"ఎక్కడమ్మా? ఇది రెండు వేల రెండో సంవత్సరం. నిరుడు డర్బన్‌లో జరిగిన జాతివివక్ష వ్యతిరేక సభలోనూ ఇదే గోల. జాతి వేరు, కులం వేరు. అయినా అవన్నీ మన తాతల నాటి సంగతులు."

క్లాసులో నవ్వులు. ఆ గుంటూరు కాలేజీ ఎం.ఏ. సోషియాలజీలో ఇరవై రెండు మంది ఉంటే, ఈ పాఠం వచ్చినప్పుడల్లా ఇరవై ఒక్క తలలు మహిమ వైపే తిరుగుతాయి. పాఠం పుస్తకంలో కాదు, ఆమె ముఖం మీద రాసి ఉన్నట్టు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"చూపిస్తే నమ్ముతారా సార్?"

"వచ్చే వారం ఫీల్డ్ వర్కు ఉందిగా. సొంత నోటితో చెప్పే మనిషిని ఒక్కరిని చూపించు. రిపోర్టులో నీ మాటే వేస్తాను. లేదంటే నా మాటే."

ఒక్క మనిషి చాలు. మహిమకు కావలసింది అంతే.

బస్సు ప్రకాశం జిల్లాలోకి వెళ్ళి ఒక ఊళ్ళో ఆగింది. పెద్ద రైతు వెంకటనారాయణ తన మిరప కళ్లంలో వాళ్ళకు టార్పాలిన్ నీడ వేయించాడు. స్టీలు గ్లాసులతో చల్లటి మజ్జిగ ఇప్పించాడు. మిరప ఘాటుకు తుమ్ముతూనే అందరూ తాగారు.

"మీలాంటి వాళ్ళు ఊరికొక్కరున్నా చాలండీ" అని లెక్చరర్ గారు పొంగిపోయారు.

కళ్లం అవతల ఆడకూలీలు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. మజ్జిగ వాళ్ళకూ వెళ్ళింది. పాలేరు చెంబెత్తి పైనుంచి పోస్తుంటే ఒక ముసలామె దోసిలి పట్టి తాగింది.

మహిమ పరిగెత్తినట్టే వెళ్ళింది.

"మామ్మా, నీ పేరేంటి?"

"ఎలీసమ్మ."

"నా పేరు మహిమ."

ముసలామె తలెత్తి చూసింది. "మనోళ్ళ పిల్లవే."

"అవును. నీకు గ్లాసెందుకు ఇవ్వలేదు మామ్మా?"

ఎలీసమ్మ మహిమ భుజం మీదుగా వెనక్కి చూసింది. వెంకటనారాయణ వచ్చి నిలబడ్డాడు, పక్కనే లెక్చరర్ గారు.

"చెప్పు ఎలీసమ్మా, భయమెందుకు?" అన్నాడు వెంకటనారాయణ నవ్వుతూ.

"గ్లాసుతో తాగే అలవాటు లేదమ్మాయ్. చిన్నప్పట్నుంచీ ఇంతే."

"ఇంట్లో కూడా దోసిట్లోనే తాగుతావా?"

"మా ఊళ్ళో అట్టాంటి తేడాల్లేవమ్మా. అయ్యగారు మమ్మల్ని సొంత మనుషుల్లాగా చూసుకుంటారు."

వెంకటనారాయణ మీసం దువ్వుకోలేదు గానీ, దాదాపు అంత పనీ చేశాడు.

"రాసుకో మహిమా" అన్నారు లెక్చరర్ గారు. "ఒక్క మాట కూడా పొల్లుపోకుండా రాసుకో."

రాసుకుంది. పెన్ను కాగితంలో దిగబడేలా రాసుకుంది. వాళ్ళిద్దరూ అటు వెళ్ళగానే ముసలామె ముందు గొంతుక్కూర్చుంది.

"సిగ్గులేదా మామ్మా? నీలాంటోళ్ళ వల్లే మనం ఇట్టా తగలడ్డాం. పిల్లలుంటే వాళ్ళకీ ఇదే నేర్పావా?"

ఎలీసమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"ఉండేవాడమ్మా ఒకడు" అంది. మళ్ళీ కాయల మీదికి వంగింది.

ఆ మాట మహిమ చెవికెక్కలేదు. కోపంలో ఉన్న మనిషి చెవికి ఏం ఎక్కుతుంది?

రిపోర్టులో లెక్చరర్ గారి మాటే గెలిచింది. మహిమ తన వంతు పేజీలో కసితీరా రాసింది. "ఎలీసమ్మ, వయసు అరవై, కూలీ. ఆత్మగౌరవం మచ్చుకైనా లేదు. కొట్టే చేతికే తొత్తు."

ఏప్రిల్ నెలాఖరుకు రిపోర్టు అచ్చయింది. ఒక కాపీ పట్టుకుని మహిమ ఒంటరిగా ఆ ఊరు వెళ్ళింది. ఆ పేజీ ఎలీసమ్మకు చదివి వినిపించాలని. అంత కోపం ఇంకా మిగిలి ఉంది.

గూడెంలో ఎలీసమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింట్లోంచి జయకుమారి టీచరు వచ్చింది.

"ఎలీసమ్మ లేదమ్మా. సమాధి చేసి పది రోజులైంది. గుండె ఆగింది."

మహిమకు జాలి కలగలేదు.

"బతికుంటే ఒక్కటే అడిగేదాన్నండీ. అంత పిరికితనం ఎందుకని."

"ఎవరికి పిరికితనం?" జయకుమారి గొంతు పెరిగింది. "ఏం తెలుసని కూస్తున్నావు? కళ్లంలో కుండ ముట్టుకుని నీళ్ళు ముంచుకున్నాడని రెండేళ్ళ కిందట ఆమె కొడుకుని కొట్టి చంపారు. ఆమెతో కలిపి తొమ్మిది మంది చూశారు. కోర్టుకెళ్ళి ఎనిమిది మంది మాట మార్చారు."

మహిమ చేతిలోని రిపోర్టును వెనక్కి దాచుకుంది.

"ఆమె మాత్రం ముందే రాజీ పడ్డానంది. ఆళ్ళ కళ్లంలోనే కూలికి పోయింది. మేమందరం ఆమె మొహాన ఉమ్మేశాం. చర్చిలో పక్కన కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు."

"మరి... ఎందుకలా చేసిందండీ?"

"ఎందుకా? వాయిదా రోజు దాకా బతికుండాలి గదమ్మా!"

ఆ వాయిదా ఏప్రిల్ మూడున వచ్చింది; తమ మనిషేనన్న ధీమాతో కోర్టులో కూర్చున్న వెంకటనారాయణనూ అతని ఇద్దరు తమ్ముళ్ళనూ వేలు పెట్టి చూపిస్తూ, నా కొడుకుని చంపింది వీళ్ళేనని జడ్జి ముందు చెప్పిన ఒకే ఒక్క సాక్షి ఎలీసమ్మ.