బూడిద రంగు చేపలు

ఎజాజ్ మగ్గులోని చేపలను కోళ్ల ముందు ఒంపబోతుంటే, గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు సాబ్. గవి పారబోయకు."

ధోవతి, భుజాన సంచీ, చేతిలో టిఫిన్ డబ్బా. జక్రాన్‌పల్లి నుంచి వచ్చానన్నాడు. ఇక్కడ ఆఫ్రికా చేపలున్నాయంటే చూసిపోదామని బస్సెక్కానన్నాడు.

ఎజాజ్‌కు ఇది కొత్త కాదు. తన చేపల సంగతి బోధన్ దాటి పోయినప్పటి నుంచి అక్వేరియం దుకాణాలవాళ్లు ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నారు. ఒక్కరికీ ఒక్క చేప ఇవ్వలేదు.

అవి పడమటి ఆఫ్రికా కిల్లీ చేపలు. చిటికెన వేలంత ఉంటాయి.

ఎజాజ్ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు. నైజీరియాలో కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో పనిచేసి 1966లో తిరిగొచ్చాడు. పోయేటప్పుడు ముగ్గురు. వచ్చేటప్పుడు ఆయన, భార్య అజీజా, ఒక డబ్బాలో చేపలు.

కూతురు సాలేహా అక్కడే జ్వరంతో పోయింది. చెరకు తోట పక్క మడుగులో ఓణీతో ఆ చేపలను పట్టింది ఆ పిల్లే.

ఆ చేపకు ఇంకా ఎవరూ పేరు పెట్టలేదని ఎజాజ్ నమ్మకం. దొరికిన పుస్తకాలన్నీ చూశాడు, అందులో లేదు. కొత్త చేపను గుర్తించినవాళ్లు దానికి తమ పేరు పెట్టుకోరు, ఇంకెవరి పేరైనా పెడతారు. శాస్త్ర పత్రికలో అచ్చయ్యాక ఆ పేరు అలాగే ఉండిపోతుంది. సాలేహా పేరు అలా ఉండిపోవాలని ఆయన కోరిక.

అందుకే రంగు చేప ఒకటి, రంగు తేలనిది ఒకటి స్పిరిట్ సీసాలో వేసి హైదరాబాద్‌కు పంపాడు. అక్కడ చేపల జాతులు తేల్చే డాక్టర్ రామ్‌దాస్ ఉన్నాడు. జవాబు కోసం చూస్తున్నాడు.

ఈలోగా జాతి చెడకూడదు. ఒంటి మీద నీలం, దాని మీద ఎర్రచుక్కలు ఉన్న మగవాటినే, వాటికి జతగా కొన్ని ఆడవాటిని తొట్టిలో ఉంచుతున్నాడు. రంగు రాక బూడిదగా మిగిలిన మగవాటిని, ఎక్కువైన ఆడవాటిని ఏరి కోళ్లకు వేస్తున్నాడు.

ముసలాయన తొట్టి పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. గుడ్లు చూపమన్నాడు. ఎజాజ్ తడి కొబ్బరిపీచులో దాచిన గుడ్లను చూపించాడు. ఎక్కువభాగం తెల్లబడి బూజు పట్టాయి.

"ఇవి రెండు జాతులు సాబ్. ఆడచేపలు రెండింటివీ ఒక్క తీరే ఉంటయి. బూడిదదాని ఆడచేపను నువ్వు రంగుదాని పక్కన ఏసినవ్. గుడ్డు ఎట్ల నిలుస్తది?"

ఎజాజ్ గుడ్ల మీద పీచు కప్పేశాడు. ముసలాయన ఆగలేదు.

"రంగుదానికి ఎన్నడో పేరు పెట్టిండ్రు. పేరు లేనిది గీ బూడిదదానికే."

ఆనాడు మడుగు దగ్గర్నుంచి సాలేహా పరుగెత్తుకొచ్చి తండ్రికి చూపింది రంగు చేపను. బూడిదవి దాని వెంట ఓణీలో పడినవి.

"గది చెప్పెటానికి రామ్‌దాస్ సాబ్ ఉన్నడు," అన్నాడు ఎజాజ్. "దుకాణపోడివి, నీకేం ఎరుక?"

ముసలాయన ఏదో అనబోయి ఆగాడు. ఆ సాబ్‌తో అంత పని ఏం పడిందని అడిగాడు. ఎజాజ్ కోపంలోనే అంతా చెప్పేశాడు.

"బిడ్డ పేరేంది సాబ్?"

"సాలేహా."

ముసలాయన మగ్గు అందుకున్నాడు.

"వీటిని తీస్కపోనా?"

"తీస్కపో. కోళ్లకేసేటియే గద. మళ్ల ఈ గేటు దిక్కు రాకు."

డబ్బాలోని జొన్నరొట్టెను గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుని, డబ్బాలో చేపలు పోసుకుని ఆయన వెళ్లిపోయాడు. అజీజా చాయ్ తెచ్చేసరికి గేటు మూసి ఉంది. ఎవరని ఆమె అడిగింది. పేరు అడగలేదన్నాడు ఎజాజ్.

ఆ ఎండాకాలం తొట్టికి తడి గోనెలు చుట్టినా చేపలు నిలవలేదు. పీచులో మిగిలిన గుడ్లూ పాడయ్యాయి. సాలేహా పట్టిన చేపల సంతతి ఆ ఇంట్లో ఒక్కటి లేకుండా పోయింది.

డాక్టర్ నుంచి జవాబూ రాలేదు.

మరుసటేడు వానలు తగ్గాక హైదరాబాద్ నుంచి ఒక యువతి వచ్చింది. పేరు రేణుక అంది. చేతిలో రేకు డబ్బా ఉంది. రామ్‌దాస్ గారు అందించమన్నారని చెప్పింది.

డబ్బాలో తడి పీచు, అందులో నీళ్లు తగిలితే పిల్లలయ్యే గుడ్లు ఉన్నాయి. ఆమె గిన్నెలో నీళ్లు అడిగి పీచును అందులో వేసింది. వాళ్లు చాయ్ తాగి మాట్లాడుకుంటూ ఉండగానే నీళ్లలో వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు కదిలాయి.

బూడిద రంగు చేపకు పేరు పోయిన నెలలో అచ్చయిందని రేణుక చెప్పింది. సాలేహా పేరు.

అజీజా గిన్నె దగ్గర కూర్చుండిపోయింది.

ఎజాజ్ రేకు డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. ఆ చేపలను ఒక దుకాణదారు పట్టుకుపోయాడని, డాక్టర్ సాబ్ వాటిని అతని దగ్గర కొని ఉంటాడని అన్నాడు. హైదరాబాద్ వచ్చి సాబ్‌కు సలాం చేసుకుంటానన్నాడు.

"ఆయన శ్రావణంల పోయిండు సాబ్," అంది రేణుక. "మీరు దుకాణపోడనుకున్నది ఆయన్నే. సీసల రెండో చేపను చూసి, సొంతూరు జక్రాన్‌పల్లి పేరు చెప్పి వచ్చిండు."

"అప్పుడే ఎందుకు చెప్పలె?"

"పేరు ఖాయమయ్యేదాక ఆశ పెట్టొద్దన్నడు."

అజీజా తలెత్తింది. "నువ్వు ఆయన దగ్గర చదువుకున్నవా బిడ్డా?"

"నేను ఆయన బిడ్డను," అంది రేణుక. "కొత్త చేప దొరికితే నా పేరు పెడ్తనని నేను చిన్నగున్నప్పటి సంది చెప్తుండె, ఆయనకు దొరికింది గిదొక్కటే."